చిన్న ఎస్‌యూవీ కొనబోయే ముందు

చిరంజీవి రఘుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ అయిదుగురి కోసం నిస్సాన్ మాగ్నైట్ తీసుకుందామనుకుంటున్నావనీ, ఆ ధరకు అంత కారు రావడం వెనుక ఏదైనా లోపం ఉందేమోనని కోడలికి అనుమానంగా ఉందనీ రాశావు. కోడలి అనుమానాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆర్టీసీ గ్యారేజీలో ఇంజిన్ల మధ్యనే ఉద్యోగమంతా గడిపినవాడిగా నాకు తెలిసినది చెబుతాను. నా అభిప్రాయం ముందే రాస్తున్నాను: టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపి బలం పెంచే పరికరం) ఉన్న ఇంజిన్‌తో తీసుకుంటే ఈ కారు మీకు సరిపోతుంది, మామూలు ఇంజిన్‌తో అయితే సరిపోదు. అది కూడా ఖమ్మానికి అందుబాటు దూరంలో కంపెనీ సర్వీసు సెంటరు ఉంటేనే.

ధర తక్కువగా ఉండడానికి పన్ను ఒక ముఖ్య కారణం. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం జీఎస్టీ మాత్రమే పడుతోంది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. మాగ్నైట్ పొడవు 3994 మిల్లీమీటర్లు, ఇంజిన్ 999 సీసీ. అంటే పన్ను గీతకు ఆరు మిల్లీమీటర్ల ఇవతల ఆగేలా కొలిచి కట్టిన బండి ఇది. మారుతి బ్రెజా కూడా నాలుగు మీటర్ల లోపు బండే అయినా, దాని పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ కావడం వల్ల 40 శాతం పన్ను పడే తరగతిలోకి వెళ్లింది. అయితే పన్నులో మిగిలినదానికి మూల్యం బండి లోపలి చోటులో చెల్లిస్తాము. మాగ్నైట్ డిక్కీ 336 లీటర్లే; దాదాపు ఇదే చట్రం మీద తయారయ్యే రెనో కైగర్‌కు 405 లీటర్లు ఉంది. అయిదుగురు రెండు రోజుల ప్రయాణానికి బయలుదేరితే రెండు పెద్ద సూట్‌కేసులతోనే మాగ్నైట్ డిక్కీ నిండిపోతుంది. వెనుక సీటులో ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు ఇబ్బంది లేకుండా కూర్చుంటారు గానీ, ముగ్గురు పెద్దలకు భుజాలు ఒరుసుకుంటాయి.

ఎస్‌యూవీ అనే పేరు చూసి ఎక్కువ ఆశించవద్దు. ఇది ముందు చక్రాలతో నడిచే మామూలు కారే. కాకపోతే ఎత్తు పెంచి కట్టారు. మన ఊరి చెరువుకట్ట దిగువన వానాకాలంలో ట్రాక్టర్లు దిగబడే చోట ఇదీ దిగబడుతుంది. కానీ ఆ ఎత్తు వల్ల మీకు నిజంగా ఒనగూరే లాభం రెండు చోట్ల ఉంది. మొదటిది స్పీడ్ బ్రేకర్ల దగ్గర. కంపెనీ 205 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) చెబుతోంది. మనుషులు, సామాను ఎక్కాక అది తగ్గుతుంది, అయినా మామూలు చిన్న కార్లకు తగిలినట్టు దీనికి అడుగు తగలదు. రెండవది మీ అమ్మ మోకాళ్లు. సీటు నడుము ఎత్తుకు దగ్గరగా ఉండడంతో ఆమె కిందికి వంగి కూలబడనక్కరలేదు, పక్కకు జరిగి కూర్చుంటే చాలు. దిగేటప్పుడు కూడా ఎవరూ చేయి పట్టి లేపవలసిన పని ఉండదు. నా దృష్టిలో ఈ తరగతి కార్లకున్న అన్ని సుగుణాల కంటే పెద్దవాళ్లున్న ఇంటికి ఇదే పెద్దది.

ఇక ఇంజిన్ సంగతి. ఇక్కడ తొందరపడవద్దు. ఇందులో రెండు రకాలున్నాయి, రెండూ మూడు సిలిండర్లవే. టర్బో లేనిది 72 పీఎస్ శక్తిని, 96 న్యూటన్ మీటర్ల టార్కును (లాగే బలాన్ని) ఇస్తుంది. టర్బో ఉన్నది మాన్యువల్ గేర్లతో 100 పీఎస్, 160 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ప్రకటనల్లో కనిపించే తక్కువ ధర మొదటి దానిదే. 2024 అక్టోబరులో కొత్త రూపంలో వచ్చినప్పుడు కూడా 5.99 లక్షల ప్రారంభ ధర చెప్పింది దానికే. ఒక్కడివే ఆఫీసుకు వెళ్లి రావడానికి అది చాలు. అయిదుగురూ ఎక్కి, ఏసీ వేసుకుని, సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేయవలసి వచ్చినప్పుడు మాత్రం యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కినా బండి నిదానంగానే కదులుతుంది. అది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, పక్క లేనులో ఎంతసేపు ఉండవలసి వస్తుందన్న విషయం. అందుకే డబ్బు మిగులుతుందని దాని వైపు మొగ్గవద్దని గట్టిగా చెబుతున్నాను.

టర్బోకూ కొన్ని పద్ధతులున్నాయి. తిరుమల ఘాట్‌లో మలుపు దగ్గర వేగం తగ్గించినప్పుడు ఇంజిన్ తిరగడం బాగా తగ్గిపోతే టర్బో సాయం సరిగా అందదు. అప్పుడు రెండో గేరులోనే మొండిగా లాగకుండా మొదటి గేరుకు మార్చుకుంటే బండి సులువుగా ఎక్కుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా రెండో గేరులో ఉంచు. చాలా దూరం వేగంగా నడిపాక, లేదా ఘాట్ ఎక్కాక, బండి ఆపిన వెంటనే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజిన్‌ను మామూలుగా తిరగనిచ్చి ఆపు. టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడిపోకుండా ఉంటుంది. ఆయిల్ మార్పిడి ఒక్కసారి కూడా వాయిదా వేయవద్దు. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగులోనూ సీటులోనూ సన్నని వణుకు తెలుస్తుంది. అది జబ్బు కాదు, ఆ రకం ఇంజిన్ల స్వభావం. ఆటోమేటిక్ కావాలంటే టర్బోతో వచ్చే సీవీటీ (విడి గేర్లు లేకుండా మెత్తగా సాగే రకం) చూడు. టర్బో లేని ఇంజిన్‌తో వచ్చే ఏఎంటీలో (మాన్యువల్ గేర్లనే తనంతట తాను మార్చే రకంలో) గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతుంది, మీ అమ్మకు అది పడదు.

మైలేజీ విషయంలో కాగితం మీది అంకెను నమ్మి నెల ఖర్చు లెక్క వేయవద్దు. టర్బో మాన్యువల్‌కు కంపెనీ చెప్పేది లీటరుకు 20 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. పట్టణంలో 12, 13 వస్తాయని వేసుకుంటే తర్వాత బాధపడవు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు; ఎథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు.

భద్రత గురించి కోడలు అడిగినది సరైన ప్రశ్న. ఈ బండికి 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను ఢీకొట్టించి భద్రతను పరీక్షించే సంస్థ) పెద్దల రక్షణకు 4 నక్షత్రాలు, పిల్లల రక్షణకు 2 మాత్రమే ఇచ్చింది. 2024 నాటి మార్పుల్లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ ఇచ్చారు, ఆ తర్వాత 2025 పరీక్షలో పెద్దలకు 5, పిల్లలకు 3 వచ్చాయి. కాబట్టి పాతది సెకండ్‌హ్యాండులో చవకగా దొరుకుతోందని ఎవరైనా చెబితే, అదీ ఇదీ ఒకే బండి అనుకోవద్దు. పిల్లల రక్షణే మీకు అన్నిటికంటే ముఖ్యమైతే మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, టాటా నెక్సాన్, స్కోడా కైలాక్‌లను కూడా చూడు. అవి మన దేశపు అలాంటి పరీక్ష అయిన భారత్ ఎన్‌క్యాప్‌లో రెండు విభాగాల్లోనూ 5 నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ధర ఎక్కువ పడుతుంది గానీ ఆ తేడాకు అర్థం ఉంది. ఏ బండి తీసుకున్నా పిల్లలు బెల్టు లేకుండా కూర్చుంటే ఆ నక్షత్రాలు వాళ్లకు వర్తించవు.

నాకు నిజంగా సందేహం ఉన్నది కంపెనీ దగ్గర. నిస్సాన్ తన డాట్సన్ కార్లను 2022లో మన దేశంలో ఆపేసింది. చెన్నై దగ్గర ఒరగడం కర్మాగారంలో తన వాటాను రెనోకు ఇచ్చేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. మాగ్నైట్ అదే కర్మాగారంలో తయారవుతూనే ఉంది కాబట్టి భయపడవలసిన పని లేదు. కానీ మారుతికీ హ్యుందాయ్‌కీ ఉన్నన్ని సర్వీసు సెంటర్లు దీనికి లేవు. అమ్మబోతే వచ్చే ధర కూడా వాటికంటే తక్కువే. నీవు స్వయంగా వెళ్లి, నీ ఇంటికి దగ్గరలోని సర్వీసు సెంటరు ఏదో, అక్కడ ముందు బంపరో హెడ్‌లైటో కావాలంటే ఎన్ని రోజులు పడుతుందో సర్వీసు సూపర్‌వైజరునే అడుగు. సేల్స్ కుర్రవాణ్ణి అడగవద్దు. ప్రతి సర్వీసుకూ హైదరాబాదుకో విజయవాడకో పోవలసి వస్తే, ఈ బండి ఆలోచన మానుకుని మారుతి ఫ్రాంక్స్ గానీ హ్యుందాయ్ ఎక్స్‌టర్ గానీ చూడు.

ఏ రకం తీసుకోవాలన్న దగ్గర షోరూమ్ ధర పది లక్షలు దాటకుండా చూసుకో. దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబు పెరుగుతుంది, పైగా మొత్తం ధర మీద ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది రిటర్ను దాఖలు చేసినప్పుడు సర్దుబాటు అవుతుందనుకో, అయినా ముందుగా చేతి నుంచి పోతుంది. పెద్ద స్క్రీను కోసం, నాలుగు వైపులా చూపే కెమెరా కోసం ఆ గీత దాటడం నాకు ఇష్టం లేదు.

ఇన్సూరెన్సు షోరూమ్‌వాళ్లు ఇచ్చినదే తీసుకోవాలన్న నియమం లేదు, బయట కూడా అడుగు. మూడేళ్ల థర్డ్ పార్టీ ఎలాగూ తప్పనిసరి. దానికి తోడు జీరో డిప్రిసియేషన్ (మార్చిన భాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పక వేయించు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు మీ ఊళ్లో కార్లు ఎలా మునిగాయో నీకు తెలుసు. నీళ్లు దిగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. అలాంటి స్థితి వస్తే తాళం ముట్టుకోకుండా బ్యాటరీ తీగ విప్పించి బండిని లాగించుకుపోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కడివే వెళ్లవద్దు. అయిదుగురూ ఎక్కండి, ఏసీ వేయండి, వెనుక మీ అమ్మను మధ్యాహ్నపు ఎండలో అరగంట కూర్చోనివ్వండి. ఎత్తుగా ఉన్న వంతెన మీద బండిని ఆపి, అక్కడి నుంచి ఎక్కించి చూడు. మీ సూట్‌కేసులను డిక్కీలో పెట్టి తలుపు మూసి చూడు. మధ్య సీటు బెల్టును లాగి పిల్లవాడికి పెట్టు.

కొటేషన్ ఇచ్చాక ఆ కాగితాన్ని నాకు వాట్సాప్‌లో పంపు. అందులో హ్యాండ్లింగ్ ఛార్జీలని ఏమైనా వేస్తే, రవాణా శాఖ వసూలు చేసే రుసుముల్లో అలాంటిది లేదని చెప్పి తీసివేయించు. రిజిస్ట్రేషనుకు ముందే నీకు కేటాయించిన బండిని పగటి వెలుతురులో చూసి, తయారీ నెల, టైర్ల మీద అవి తయారైన వారాన్ని చూపే అంకె, ఓడోమీటరు రాసుకుని పంపు. అవి చూశాకే మిగిలిన డబ్బు కట్టవచ్చు.

మీ అమ్మకు నా నమస్కారాలు, కోడలికీ పిల్లలకూ ఆశీస్సులు.

ఇట్లు,
పెదనాన్న