వేట గైడుకు టిప్పు ఎంత ఇవ్వాలి? వేట దొరకకపోయినా ఇవ్వాలా?

మీరు అడిగింది ఇది: కొలరాడోలో ఐదు రోజులపాటు ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు అవుట్‌ఫిటర్‌కు, అంటే వేట ఏర్పాట్లు చేసే వ్యాపారికి, 7,000 డాలర్లు కట్టారు, ఇదే మొదటిసారి. గైడుకు విడిగా టిప్పు ఇవ్వాలని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఎంత ఇవ్వాలి, ఎవరెవరికి ఇవ్వాలి, ఏమీ దొరక్కపోతే ఏం చేయాలి?

ఇవ్వాలి. దొరక్కపోయినా ఇవ్వాలి. అంకె కావాలంటే, మీరు కట్టిన 7,000కు గైడు ఒక్కడికే 700 నుంచి 1,400 మధ్య, అంటే 10 నుంచి 20 శాతం. వంట చేసేవారికి, గుర్రాలు చూసేవారికి వేరుగా. ఇక్కడితో చదవడం ఆపేసినా మీ పని జరిగిపోతుంది. మిగతాదంతా ఈ విషయంలో నేను చేసిన తప్పుల చిట్టా.

నేను డాలస్ దగ్గర ఉంటాను. చిన్నప్పుడు మా ఊళ్ళో అడవి పందులు రాత్రికి రాత్రి వేరుశనగ చేను దున్నేసి పోయేవి. టెక్సాస్ వచ్చాక చూస్తే ఇక్కడి రైతులదీ అదే గోడు. అలా పందుల వేటతో మొదలై, కొన్నేళ్ళకు ఎల్క్ దాకా వెళ్ళాను. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న అనుకోండి. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోల పైమాటే.

నా మొదటి ఎల్క్ వేట కొలరాడో వాయవ్యాన, మీకర్ అనే చిన్న ఊరికి తూర్పున ఉన్న ఫ్లాట్ టాప్స్ కొండల్లో. అక్టోబరు చివర, మోకాలి లోతు మంచు. ఇద్దరు వేటగాళ్ళకు ఒక గైడు. నాతోపాటు ఉన్నది టెక్సాస్‌కే చెందిన ఒక రిటైర్డు టీచరు. గైడుకు పాతికేళ్ళు ఉంటాయేమో. పొద్దున మూడున్నరకే లేచి లాంతరు వెలుగులో గుర్రాలకు జీను కట్టేవాడు. రాత్రి మేము తిని పడుకున్నాక కూడా గుడారం బయట అతని అడుగుల చప్పుడు వినిపించేది.

మూడు రోజులు ఆడ ఎల్క్‌లు తప్ప ఏమీ కనిపించలేదు. నాలుగో రోజు సాయంత్రం రెండు వందల గజాల పైచిలుకు దూరంలో ఒక మగది లోయలోంచి పైకి వచ్చి నిలబడింది. గైడు నా భుజం తట్టి తుపాకీకి ఆనించుకునే కర్రలు పెట్టాడు. కాల్చాను. తప్పింది. నా గుండె దడే కారణం, ఇంకేమీ కాదు. అది చెట్లలోకి మాయమైంది. గుండు తప్పిందని అతనికి దాదాపు తెలుసు. అయినా చీకటి పడ్డాక కూడా రెండు గంటలపాటు టార్చిలైటుతో మంచులో ఆ అడుగుల వెంటే వెళ్ళి, ఒక్క నెత్తుటి చుక్కయినా ఉందేమోనని వెతికాడు. గాయపడిన జంతువును అలా వదిలేయకూడదని. నేను వెనక చలికి వణుకుతూ, నా మీద నాకే కోపంతో నడిచాను.

ఆరో రోజు పొద్దున బయలుదేరేటప్పుడు నా లెక్క ఇలా సాగింది: ఇంత డబ్బు పోశాను, లైసెన్సుకు మరో ఎనిమిది వందల దాకా అయింది, చేతిలో ఏమీ లేదు. మూడు వందలు తీసి అవుట్‌ఫిటర్ చేతిలో పెట్టి, "అందరికీ పంచండి" అన్నాను. పెద్ద మర్యాద చేసినట్టు మొహం కూడా పెట్టాను.

తిరుగు దారిలో కాఫీకి ఆగినప్పుడు టీచరు అడిగారు, ఎంత ఇచ్చావని. చెప్పాను. ఆయన కాసేపు కప్పులోకే చూసి ఒక్క మాట అన్నారు: "ఆ గుండు పేల్చింది అతనా?"

డాలస్ వచ్చేదాకా ఆ మాట నమిలాను. కొలరాడోలో ఏటా ఎల్క్ వేటకు వెళ్ళేవారిలో చేతికి వేట దక్కేది అటూ ఇటూగా ఐదో వంతు మందికే. గైడుంటే అవకాశం పెరుగుతుంది గానీ ఎల్క్‌ను తెచ్చి మన ముందు కట్టేయలేడు. వాతావరణం అతని చేతిలో లేదు, నా గుండె దడ అసలే లేదు. అతని చేతిలో ఉన్నదంతా అతను చేశాడు. దొరికినప్పుడు పని ఇంకా పెరుగుతుంది, అది నిజం. ఎల్క్ పడిన చోటే తోలు ఒలిచి, నాలుగు భాగాలు చేసి, కంచరగాడిదల మీద ఎక్కించి దించాలి. ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. కాబట్టి దొరికితే 15 శాతం దాటి 20 వైపు వెళ్ళడం న్యాయమే. కానీ దొరకలేదని 10 కిందికి దిగడం అన్యాయం. కొమ్ముల సైజును బట్టి టిప్పు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. కొమ్ముల్ని పెంచింది కొండ, గైడు కాదు.

వారం తరవాత గైడు నెంబరు వెతికి ఫోనులో 616 డాలర్లు పంపి, ఆలస్యానికి క్షమాపణ రాశాను. అతను డబ్బు గురించి రాసింది ఒకే ప్రశ్న: ఈ పదహారు దేనికి? మా వైపు శుభానికి ఇచ్చేది సున్నాతో ముగించం, నూట పదహారు, అయిదు వందల పదహారు అని ఇస్తాం అని వివరించాను. మిగతా సందేశమంతా ఆ ఎల్క్ గురించే. ఎడమ కొమ్ముకు ఒక కొస విరిగిన అదే మగదాన్ని ఆ పక్క లోయలోనే మళ్ళీ చూశాడట. కుంటడం లేదట. నేను అడగకపోయినా ఆ సంగతి నన్ను తొలుస్తూ ఉంటుందని అతనికి తెలుసు.

ఇక రెండో తప్పు, డబ్బు యజమాని చేతిలో పెట్టడం. మరుసటి ఏడాది వేరే అవుట్‌ఫిటర్‌తో వెళ్ళినప్పుడు, పాత చోట కొన్నాళ్ళు పనిచేసిన ఒకతను మాటల్లో చెప్పాడు: అక్కడ యజమాని చేతికిచ్చిన టిప్పు వంటింటి దాకా వచ్చిన రోజు అతను చూడలేదట. అందరూ అలా ఉండరు. ఆ రెండో అవుట్‌ఫిటర్ వచ్చిన టిప్పులన్నీ కలిపి అందరి ముందే పంచేవాడు. కానీ ఏ క్యాంపు ఎలాంటిదో మీకు ముందు తెలియదు కదా. అందుకని ఎవరిది వారి చేతికే ఇవ్వండి. పేరు రాసిన కవరు, లోపల నగదు, కరచాలనం, ఒక మంచి మాట. ఆఖరి రోజు పొద్దున, సామాను ఎక్కించే హడావిడి మొదలవకముందే ఇవ్వడం మేలు. గుర్రాలవాడు అప్పటికే మరో క్యాంపుకు వెళ్ళిపోవచ్చు, నాకు ఒకసారి అలాగే జరిగింది. మీకర్ లాంటి చోట ఏటీఎం దొరుకుతుంది గానీ కొండ మీద దొరకదు. ఫోను సిగ్నలు కూడా ఉండదు. నగదు ఇంటి దగ్గరే తీసుకుని, ఇరవైలు, యాభైలు, వందలు కలిపి పెట్టుకోండి.

అవుట్‌ఫిటర్‌కూ గైడుకూ తేడా తెలియక చాలామంది తికమక పడతారు. అవుట్‌ఫిటర్ అంటే వ్యాపారం నడిపేవాడు. రాష్ట్రంలో రిజిస్ట్రేషను, జాతీయ అడవిలో పనిచేయడానికి అటవీ శాఖ అనుమతి, గుర్రాలు, గుడారాలు, బీమా అన్నీ అతనివి. మీ 7,000 వెళ్ళింది అతనికి. గైడు అతని దగ్గర రోజుకూలీకి పనిచేసే మనిషి. సీజను మహా అయితే సెప్టెంబరు నుంచి నవంబరు వరకు. ఆ మూడు నెలల టిప్పు అతని ఏడాది లెక్కలో పెద్ద భాగం. యజమానే స్వయంగా మీకు గైడుగా వస్తే టిప్పు తప్పనిసరి కాదని పాత ఆనవాయితీ. నేనైతే అప్పుడూ ఎంతో కొంత ఇస్తాను. నిద్ర మానుకున్నవాడు యజమాని అయినంత మాత్రాన నిద్ర పోయినట్టు కాదు కదా.

శాతం లెక్క వేటకు కట్టిన సొమ్ము మీదే. లైసెన్సు, విమాన టికెట్లు, మాంసం కోయించిన ఖర్చు అందులో కలపనక్కరలేదు. ఒక గైడును ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరు 10 శాతం దగ్గర ఇచ్చినా అతనికి సరిపోతుంది. వంట చేసేవారికి ఐదు రోజులకు 100 నుంచి 150. చలిలో తెల్లవారుజామున వేడి అన్నమో గుడ్డో కడుపులో పడకపోతే ఏ గైడూ మిమ్మల్ని కొండ ఎక్కించలేడు. మా వంటావిడ నేను గొడ్డు మాంసం తిననని మొదటి పూటే గమనించి, ఐదు రోజులూ నాకు వేరే గిన్నె పెట్టింది. మొదటిసారి ఆమెకు నా నుంచి ఏమీ ముట్టలేదు. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. గుర్రాలు చూసేవారికి 50 నుంచి 100. గైడు లేకుండా గుడారం వేసి వదిలేసే వేట అయితే, సామాను మోసి దించినవారికి ఇదే మాదిరిగా ఇస్తే చాలు.

టెక్సాస్‌లో ఒక్క రాత్రి పందుల వేట లాంటివాటికి ఇంత లెక్క అక్కరలేదు. 250, 300 కట్టే చోట 50 చేతిలో పెడితే మర్యాద. ఆఫ్రికా వైపు వెళ్ళినవాళ్ళకు పద్ధతి వేరు. అక్కడ గైడుగా వచ్చే వృత్తి వేటగాడితోపాటు జంతువుల అడుగుజాడలు పట్టేవాళ్ళు, తోలు ఒలిచేవాళ్ళు, క్యాంపు సిబ్బంది పదిమంది దాకా ఉంటారు. ఎవరికి ఎంతన్నది ముందే ఆ వేటగాడినే అడిగి పంచడం ఆనవాయితీ.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణతో వేట ముచ్చట దాదాపు ముగిసింది. కాబట్టి ఈ మర్యాదలు మనకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బక్షీసు అనగానే మనకు పైనున్నవాడు కిందికి విసిరేది గుర్తొస్తుంది, మామూలు అంటే ఇవ్వకపోతే ఫైలు కదలనిది. నాకు దీన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చిన పోలిక పురోహితుడి సంభావన. ఎంతని ఆయన అడగడు, ఎంతో ఇద్దరికీ తెలుసు, ఇచ్చే తీరులోనే గౌరవం ఉంటుంది. అలాగని మనవాళ్ళు టిప్పు సరిగా ఇవ్వరనే పేరు పోగొట్టాలని రెండు వేలు కుమ్మరించనూ వద్దు. మొత్తం జాతి పరువు మీ కవరులో లేదు.

తగ్గించాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఒకసారి టెక్సాస్‌లో ఒక గైడు మమ్మల్ని మంచె మీద వదిలి, రాత్రంతా ట్రక్కులో ఫోను చూస్తూ కూర్చున్నాడు. దింపేటప్పుడు గుళ్ళు నింపిన తుపాకీని సీటు మీద నిర్లక్ష్యంగా పడేశాడు. అతనికి నేను ఏమీ ఇవ్వలేదు. కానీ ఊరికే మానేసి వెళ్ళిపోలేదు, కారణం యజమానికి చెప్పాను. చెప్పకుండా తగ్గిస్తే అతను మిమ్మల్ని పిసినారి అనుకుంటాడు, రేపు వచ్చే మనిషి అదే తుపాకీ పక్కన కూర్చుంటాడు. తాగి రావడం, భద్రత గాలికొదిలేయడం, మాట ఇచ్చిన చోటికి తీసుకెళ్ళకపోవడం, వీటికి టిప్పు కోయవచ్చు. వాన, మంచు, ఎల్క్ రాకపోవడం, గురి తప్పడం, వీటికి కోయకూడదు.

వస్తువులు ఇవ్వవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. మంచి కత్తో, చేతితొడుగులో ఇస్తే సంతోషిస్తారు, డబ్బుకు బదులుగా మాత్రం కాదు. మాంసం వాటా ఇస్తానంటే గైడు నవ్వుతాడు. అతని ఇంట్లో ఫ్రీజరు నిండా అదే.

మీ వీసా సంగతి రాయలేదు గానీ, ఇది టిప్పుకన్నా ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అద్దెదైనా, స్నేహితుడిదైనా. టెక్సాస్‌లో ప్రైవేటు భూముల్లో పందుల వేటకు 2019 నుంచి రాష్ట్ర లైసెన్సు అక్కరలేదని మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. ఆ సడలింపు రాష్ట్రానిది, ఫెడరల్ నిబంధన అలాగే ఉంది. కొలరాడోకు మీకు లైసెన్సు ఎలాగూ ఉంటుంది, జేబులోనే పెట్టుకోండి. 1949 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారికి అక్కడ వేట శిక్షణ ధ్రువపత్రం కూడా కావాలి.

ఇప్పుడే అవుట్‌ఫిటర్‌కు ఒక ఉత్తరం రాసి మూడు విషయాలు అడగండి: క్యాంపులో ఎంతమంది పనిచేస్తారు, టిప్పులు విడిగా ఇవ్వాలా కలిపి పంచుతారా, నా గైడును ఇంకెవరైనా పంచుకుంటున్నారా. ఇది అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. మాంసం కోసి ప్యాక్ చేసే దుకాణంలో టిప్పు అక్కరలేదు, కానీ ఐసు పెట్టెలు మాత్రం మీరు అనుకున్నదానికి రెట్టింపు పెద్దవి తీసుకెళ్ళండి.