ఈస్ట్ నుంచి నోబెల్ దాకా

ప్రశ్న: సార్, మా చెల్లె వరంగల్‌ల ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతుంది. సెమినార్‌కు ఫియోడర్ లీనెన్ అనే సైంటిస్టును ఇచ్చిన్రట. ఈయన ఏం చేసిండు? నాకు కామర్స్ తప్ప ఏం రాదు, జర అర్థమయ్యేటట్టు చెప్పున్రి.
- ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, మంచి మనిషినే ఇచ్చిన్రు. లీనెన్ 1911ల జర్మనీలోని మ్యూనిక్‌ల పుట్టిండు, చదువు, ఉద్యోగం అన్నీ దాదాపు ఆడనే. గురువు హైన్రిష్ వీలాండ్‌కు నోబెల్ ఉండె, ఆయన బిడ్డనే పెండ్లి చేసుకున్నడు (సెమినార్‌ల ఇది చెప్తే అందరు నిద్ర లేస్తరు).

అసలు ముచ్చట 1951ది. మనం తిన్న చక్కెర, కొవ్వు ఒంట్ల కరిగి రెండు కార్బన్ల ముక్కలైతయి, ఆ ముక్క ఏ రూపంల ఉంటదో అప్పటిదాకా ఎవరికీ దొరకలే, లీనెన్ ఈస్ట్‌ల (పిండి పులియబెట్టే సూక్ష్మజీవి) నుంచి పట్టిండు, అదే అసిటైల్ కోఎంజైమ్ ఏ. కోఎంజైమ్ ఏ ని అంతకుముందే కనిపెట్టింది ఫ్రిట్జ్ లిప్మన్, దాంట్ల బీ5 విటమిన్ ఉంటది. కోఎంజైమ్ ఏ అంటే ఎంజైమ్‌లకు సాయపడే పదార్థం, ఆ రెండు కార్బన్ల ముక్కను మోసే కూలీ అనుకో. కొవ్వు ఆమ్లాలు, కొలెస్టరాల్ అన్నీ ఈ ముక్కలతోనే కట్టబడ్తయి. కొలెస్టరాల్ దారిల మధ్యన వచ్చే ఐసోప్రీన్ అనే ఐదు కార్బన్ల ముక్క మీద గూడ పనిచేసిండు, ఒంట్ల శక్తి తయారీకి పనికొచ్చే కోఎంజైమ్ క్యూ తోక గూడ ఆ ముక్కలదే. బయోటిన్ అనే బీ విటమిన్ కార్బన్ డయాక్సైడ్‌ను ఎట్ల మోస్తదో గూడ చూపెట్టిండు. 1964ల కొలెస్టరాల్ మీదనే పనిచేసిన కోన్రాడ్ బ్లాక్‌తోని కలిపి నోబెల్ ఇచ్చిన్రు.

చెల్లెకు చెప్పు, పుట్టిన తారీఖులు రెండు నిమిషాలల్ల ముగించి బోర్డు మీద మాలోనైల్ కోఎంజైమ్ ఏ స్టెప్పు (కొవ్వు ఆమ్లం కట్టుడు మొదలుపెట్టేందుకు అసిటైల్ కోఎంజైమ్ ఏ కు కార్బన్ డయాక్సైడ్ కలిసే స్టెప్పు) గీయమను, ప్రశ్నలు దాని మీదనే వస్తయి.