టెక్ సందేహాలు: స్క్రీన్ మీద 60 శాతం, కొనబోతే 64 సెంట్లు

ప్రశ్న: పాలీమార్కెట్‌లో ఒక అభ్యర్థి గెలుపు అవకాశం 60 శాతం అని చూసి 1000 ‘యెస్’ షేర్లు కొన్నాను. సగటున 64 సెంట్లకు పైనే పడింది. ఫీజు కింద కోసేశారా?

పాలీమార్కెట్ అంటే ఎన్నికల్లాంటి ఘటనల ఫలితాల మీద షేర్లు కొని అమ్మే సైట్. అభ్యర్థి గెలిస్తే ఒక్కో ‘యెస్’ షేరుకు ఒక డాలర్ వస్తుంది, ఓడితే సున్నా. అందుకే 60 సెంట్ల ధరను 60 శాతం అవకాశంగా చదువుతారు. ఈ తేడా ఫీజు వల్ల వచ్చింది కాదు. మీకు కనిపించిన 60 దగ్గర అమ్మడానికి అసలు ఎవరూ లేరు. కొనేవాళ్లు ఇస్తామంటున్న అత్యధిక ధరను బిడ్ అంటారు, అమ్మేవాళ్లు అడుగుతున్న అత్యల్ప ధర ఆస్క్. ఈ రెంటికీ నడిమి అంకెనే ఆ సైట్ శాతంగా చూపిస్తుంది. రెంటి మధ్య తేడా 10 సెంట్లు దాటితే చివరి లావాదేవీ జరిగిన ధర చూపిస్తుంది. అది ఎప్పటిదో కూడా కావచ్చు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో బిడ్ 58, ఆస్క్ 62. నడిమి అంకె 60. ఇప్పుడు అమ్మేవాళ్ల వరస చూడండి: 62 సెంట్ల దగ్గర 300 షేర్లు, 64 దగ్గర 500, ఆ తర్వాత ఏకంగా 69. మీరు మార్కెట్ ఆర్డర్ (ఎంత ధర ఉంటే అంతకు వెంటనే కొనేది) కొట్టారు కాబట్టి మొదటి మెట్టులో 186 డాలర్లు, రెండో మెట్టులో 320, మిగిలిన 200 షేర్లకు 138 ఖర్చయ్యాయి. మొత్తం 644 డాలర్లు, షేరుకు 64.4 సెంట్లు. అంటే ఆ అభ్యర్థి గెలిచే అవకాశం 64.4 శాతం కంటే ఎక్కువని మీరు నమ్మితేనే ఈ కొనుగోలుకు అర్థం ఉంటుంది. మనసులో 60 అనుకుని కొన్నారంటే కొన్న క్షణంలోనే నష్టంలో ఉన్నట్టు.

ఈసారి లిమిట్ ఆర్డర్ పెట్టండి. 61 అని ధర రాసి వదిలేస్తే ఎవరైనా ఆ ధరకు దిగినప్పుడే అమలవుతుంది, లేదంటే డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. టీవీలో డిబేట్ జరుగుతుండగానో, ఓట్ల లెక్కింపు నడుస్తుండగానో లిమిట్ ఆర్డర్‌ను అలా వదిలేసి నిద్రపోకండి. వార్త ముందుగా చూసినవాడు మీ పాత ధరకు తన షేర్లు అంటగట్టి వెళ్లిపోతాడు.

ప్రశ్న: ఓడిపోవడం ఖాయమని అందరూ అంటున్న అభ్యర్థికి ఇంకా 3 సెంట్లు పలుకుతోంది. నిజంగా 3 శాతం అవకాశం ఉందా?

చాలాసార్లు ఉండదు. ఆ ధర సున్నాకు దిగాలంటే ఎవరో ఒకరు 97 సెంట్లు పెట్టి ‘నో’ (అభ్యర్థి ఓడితే డాలర్ ఇచ్చే షేరు) కొనాలి. ఎన్నికలకు ఇంకా 5 నెలలు ఉంటే 97 సెంట్లను అన్నాళ్లు కట్టేసుకుని 3 సెంట్లు సంపాదించాలి. వడ్డీ లెక్కన అది ఏడాదికి 7 శాతం చిల్లర. దాంతోపాటు సైట్ మూతపడే ప్రమాదం, ఫలితం మీద వివాదం వచ్చే ప్రమాదం కూడా మోయాలి. అంత శ్రమకు ఎవరూ దిగరు కాబట్టి అడుగున ఉన్న ధరలు అసలు విలువకన్నా కాస్త పైనే వేలాడుతుంటాయి.

ఐదారుగురు పోటీలో ఉన్నప్పుడు ఇదే ఇంకో రూపంలో కనిపిస్తుంది. ధరలు 48, 31, 14, 6, 5 ఉన్నాయనుకోండి. కలిపితే 100 కావాల్సింది 104 అయింది. మొదటి అభ్యర్థికి 48 శాతం అనకుండా 48ని 104తో భాగించి 46 అనుకోవడం నయం. చిన్న అభ్యర్థుల దగ్గర ఉబ్బు ఎక్కువ కాబట్టి ఇదీ ఉజ్జాయింపే.

ప్రశ్న: ఎవరు గెలిచారో సైట్ ఎలా నిర్ణయిస్తుంది? రెండు సైట్లలో ఒకే అభ్యర్థికి ధరలు వేరుగా ఎందుకుంటాయి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో అసలైనది ఇదే. మీరు కొంటున్నది ఒక అభ్యర్థి గెలుపును కాదు, ఆ మార్కెట్ కింద రాసిన నిబంధన ఎలా తేలుతుందన్నదాన్ని. ఆ పేరా చదవకుండా ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు.

2024 అమెరికా అధ్యక్ష ఎన్నికనే తీసుకోండి. పాలీమార్కెట్ నిబంధన ప్రకారం ఏపీ, ఫాక్స్, ఎన్‌బీసీ వార్తా సంస్థలు మూడూ ఒకే విజేతను ప్రకటిస్తే చాలు. ఇలాంటిదే మరో సైట్ అయిన కల్షీ మాత్రం పదవీ ప్రమాణం చేసిన వ్యక్తిని బట్టి తేల్చింది. ఒకచోట డబ్బు నవంబర్‌లో వస్తే రెండోచోట జనవరి 20 దాకా ఆగాలి. ఆ మధ్యలో అభ్యర్థికి ఏమైనా జరిగితే ఫలితమూ వేరుగా ఉండొచ్చు. అందుకే ధరల్లో ఒకటి రెండు సెంట్ల తేడా చూసి ‘ఇక్కడ కొని అక్కడ అమ్మితే ఉచిత లాభం’ అనుకోకండి. అవి రెండు వేర్వేరు సరుకులు.

తేల్చే పద్ధతి కూడా తెలుసుకోండి. కల్షీలో సంస్థే తన రూల్‌బుక్ ప్రకారం తేలుస్తుంది. పాలీమార్కెట్‌లో సాధారణంగా ఇది యూఎంఏ అనే వ్యవస్థ పని. ఒకరు పూచీ సొమ్ము కట్టి ఫలితాన్ని ప్రతిపాదిస్తారు. మామూలుగా 2 గంటల్లో ఎవరూ కాదనకపోతే అదే ఖరారు. వివాదం ముదిరితే యూఎంఏ టోకెన్ (ఆ వ్యవస్థ క్రిప్టో నాణెం) ఉన్నవాళ్లు ఓటేసి తేలుస్తారు.

2024 జులై 28న జరిగిన వెనెజువెలా ఎన్నికలో ఏమైందో చూడండి. అక్కడి ఎన్నికల మండలి అప్పటి అధ్యక్షుడు మదురో గెలిచారని ప్రకటించింది. ప్రతిపక్షం పోలింగ్ కేంద్రాల లెక్కల పత్రాలు బయటపెట్టి తమ అభ్యర్థి గొంజాలెజ్ గెలిచారంది. మార్కెట్ నిబంధనలో ‘ప్రధాన ఆధారం అధికారిక సమాచారం’ అని ఉంది, పక్కనే ‘విశ్వసనీయ వార్తా కథనాల ఏకాభిప్రాయం ఉన్నా సరిపోతుంది’ అనీ ఉంది. చివరికి గొంజాలెజ్ పేరుతో తేల్చారు. పదవిలో కొనసాగింది మదురో, డబ్బు దక్కింది గొంజాలెజ్ షేర్లున్నవాళ్లకు. నిబంధనలో ఇలాంటి రెండో వాక్యం కనబడితే ప్రమాదం అక్కడే ఉందని గుర్తించండి.

ప్రశ్న: మా దేశంలో సైట్ తెరుచుకుంటుంది గానీ ఆర్డర్ పెట్టనివ్వడం లేదు. వీపీఎన్ వాడొచ్చా?

వద్దు. 2022లో అమెరికా నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ పాలీమార్కెట్‌కు 14 లక్షల డాలర్ల జరిమానా వేశాక అమెరికా వాడకందార్లను ఆపేశారు. 2024 నవంబర్‌లో ఫ్రాన్స్ వాళ్లనూ ఆపారు. మీ దగ్గర అడ్డుకట్ట ఉందంటే వెనక చట్టం ఉన్నట్టే. వీపీఎన్‌తో డబ్బు లోపలికి వెళ్తుంది, బయటికి తీసేటప్పుడు గుర్తింపు అడిగితే ఇరుక్కుంటారు. నిబంధన తప్పింది మీరే కాబట్టి ఎవరికీ ఫిర్యాదు కూడా చేయలేరు. ధరలు చూడ్డానికైతే ఖాతా కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ధరలను గూగుల్ షీట్‌లోకి తెస్తున్నాను. ధర గడిలో బ్రాకెట్లు, కోట్ గుర్తులతో సహా వస్తోంది. టోకెన్ ఐడీ వేస్తే చార్ట్ ఖాళీ.

రెండు వేర్వేరు తప్పులివి. గామా ఏపీఐ (పాలీమార్కెట్ సమాచారాన్ని ప్రోగ్రాములకు అందించే దారి) ఇచ్చే జవాబులో ‘ఔట్‌కమ్ ప్రైసెస్’ అనేది అంకెల జాబితా కాదు, జాబితాలా కనిపించే అక్షరాల తీగ. మొత్తం జవాబును ఒకసారి పార్స్ చేశాక (అంటే విడదీసి చదివాక) ఈ ఒక్క భాగాన్ని మళ్లీ పార్స్ చేయాలి. ధరల వరస ‘ఔట్‌కమ్స్’ వరసనే అనుసరిస్తుంది కాబట్టి ఏది యెస్, ఏది నో అన్నది అక్కడ చూసుకోండి.

టోకెన్ ఐడీ అంటే యెస్, నో షేర్లలో ఒక్కోదానికి ఉండే గుర్తింపు సంఖ్య. అందులో 70కి పైగా అంకెలుంటాయి. షీట్ దాన్ని సంఖ్య అనుకుంటే మొదటి 15 అంకెల దాకానే నికరంగా ఉంచుతుంది, తర్వాతివి పోతాయి. ఆ కాలమ్‌ను ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత ఐడీలు మళ్లీ తెచ్చుకోండి. ఇప్పటికే పాడైనవాటిని ఫార్మాట్ మార్చి బాగుచేయలేరు.

ప్రశ్న: నా క్రిప్టో వాలెట్‌లోకి నేను కొనని టోకెన్ ఒకటి వచ్చింది. పేరులోనే ఒక సైట్ చిరునామా ఉంది. ‘బహుమతి తీసుకోండి’ అంటోంది.

టోకెన్ వచ్చి పడినంత మాత్రాన నష్టం లేదు. ఆ సైట్‌కు వెళ్లి వాలెట్ కలిపి సంతకం చేస్తేనే మీ స్టేబుల్ కాయిన్లను (డాలర్ విలువకు కట్టుబడిన క్రిప్టో నాణేలను) తరలించే అనుమతి వాళ్ల చేతికి వెళ్తుంది. దాన్ని దాచేసి వదిలేయండి. ఇప్పటికే అనుమతి నొక్కేసి ఉంటే పాలిగన్‌స్కాన్‌లో (పాలిగన్ నెట్‌వర్క్ లావాదేవీలు చూపే సైట్) టోకెన్ అప్రూవల్స్ పేజీ తెరిచి, తెలియని చిరునామా పక్కన రివోక్ (అనుమతి రద్దు) నొక్కండి. గ్యాస్ ఖర్చుకు, అంటే నెట్‌వర్క్ రుసుముకు, వాలెట్‌లో కాస్త పీఓఎల్ (పాలిగన్ నాణెం) ఉండాలి. అదే వాలెట్‌కు తాళంలాంటి 12 పదాల సీడ్ ఫ్రేజ్‌ను ఆ సైట్‌లో టైప్ చేసి ఉంటే రివోక్ వల్ల లాభం లేదు. కొత్త వాలెట్ తెరిచి, ఉన్నదంతా ఈ నిమిషమే అందులోకి మార్చేయండి.