టెక్ సందేహాలు: తోటలో సోలార్, మన చేత్తోనే

ఇన్వర్టర్ బ్యాటరీల గురించి రాసినప్పటి నుంచి వస్తున్న మెయిల్స్ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. కరెంటాఫీసుతో పని లేకుండా సొంతంగా సోలార్ పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. నేనూ పెట్టుకున్నాను, ఒకసారి చేతులు కాల్చుకున్నాను కూడా. మొదటి ప్రశ్నకే జాగా ఎక్కువ పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

*ప్రశ్న: శంకర్‌పల్లి అవతల మాకు అరెకరం తోట ఉంది. ఒక గది, రేకుల వరండా. కరెంటు స్తంభం చాలా దూరం. కాపలా మనిషి ఎప్పుడూ ఉంటాడు, మేం శని, ఆదివారాలు వెళ్తాం. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, చిన్న ఫ్రిజ్, రెండు కెమెరాలు, వైఫై ఉంటే చాలు. డీలరు 3 కిలోవాట్ పెట్టాలంటున్నాడు. నేనే సామాను కొనుక్కొచ్చి బిగించుకోవచ్చా? (మియాపూర్ నుంచి)*

డీలరు మాట కాసేపు పక్కనపెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది అన్నది రాసి, రెండింటినీ గుణించండి. వచ్చేది వాట్ అవర్లు. వెయ్యి అయితే మీటరు లెక్కలో ఒక యూనిట్.

మీ జాబితాకి నేను వేసిన లెక్క చెప్తాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. కాబట్టి ముందు ఫ్యాన్లు మార్చండి. అవి రెండూ పది గంటలు తిరిగితే 600. 9 వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలకి 180. ఫ్రిజ్ ఏడాదికి ఎన్ని యూనిట్లు తింటుందో దాని స్టార్ లేబుల్ మీదే ఉంటుంది, 365తో భాగిస్తే సరి. ఎండాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుని నేను రోజుకి 600 వేశాను. కెమెరాలు, రౌటర్ కలిపి 20 వాట్లే గానీ 24 గంటలూ నడవాలి, అంటే 480. ఇక్కడికి 1,860 అయింది.

చాలామంది ఇక్కడే కలం మూసేస్తారు. ఇన్వర్టర్ తన కోసం తాను తినేది ఎవరికీ గుర్తుండదు. ఒక్క బల్బు కూడా వెలగకపోయినా, ఆన్‌లో ఉన్నందుకే 20 వాట్లు లాగే ఇన్వర్టర్ రోజుకి 480 మింగుతుంది. మొత్తం 2,340. అంటే ఎవరూ ముట్టుకోని కెమెరాలు, రౌటర్, ఊరికే కూర్చున్న ఇన్వర్టర్ కలిసి మీ రెండు ఫ్యాన్ల కంటే ఎక్కువ తింటున్నాయన్నమాట! కెమెరా, రౌటర్ అడాప్టర్ల మీద చూడండి, చాలావరకు 12 వోల్టుల డీసీతో, అంటే బ్యాటరీ ఇచ్చే రకం కరెంటుతో నడిచేవే ఉంటాయి. బ్యాటరీ నుంచి చిన్న డీసీ కన్వర్టర్ పెట్టి వాటికి నేరుగా ఇచ్చేయండి. కాపలా మనిషికి కూడా ఒక డీసీ ఫ్యాను, డీసీ బల్బు పెట్టి, ఫ్రిజ్‌ని మీరున్న రోజులకే పరిమితం చేస్తే వారంలో ఐదు రోజులు ఇన్వర్టర్ కట్టేసి ఉంచొచ్చు.

ఇప్పుడు ప్యానెళ్లు. మన వైపు ఒక కిలోవాట్ ప్యానెల్ మంచి ఎండ రోజున నష్టాలన్నీ పోను 4 యూనిట్లు ఇస్తుందని పెట్టుకోవచ్చు. ఆ లెక్కన మీకు 600 వాట్లు చాలు. కానీ జులై, ఆగస్టుల్లో ముసురు పడితే సగం కూడా రాని రోజులుంటాయి. అందుకని 540 వాట్ల ప్యానెళ్లు రెండు పెట్టండి, 1,080 వాట్లు. 3 కిలోవాట్ మీకు దండగ. బిల్లులో ప్యానెల్‌కి 5 శాతం జీఎస్టీయే వేశారా చూడండి. 2025 సెప్టెంబరు 22కి ముందు అది 12 శాతం ఉండేది.

మే నెల ఎండకి కరెంటు దంచేస్తుందనుకోవద్దు. ప్యానెల్‌కి వెలుతురు కావాలి, వేడి పడదు. లేబుల్ మీది వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకి దాదాపు 0.35 శాతం పడిపోతుంది. నడివేసవిలో అద్దం కింద సెల్ 65 డిగ్రీలకి చేరితే 14 శాతం పోయినట్టే. రేకులకి ఆనించి కాకుండా కనీసం జానెడు ఎత్తున, కింద గాలి ఆడేలా బిగించండి.

దక్షిణం వైపు, 17 డిగ్రీల వాలు. దిక్కు కోసం ఫోన్లో కంపాస్ నమ్మొద్దు, ఇనప స్టాండు పక్కన అది తప్పు చూపిస్తుంది. మధ్యాహ్నం 12, 12:30 మధ్య నిటారు కర్ర నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు ఉత్తర దక్షిణ రేఖ మీద పడుతుంది, అది గీసుకోండి. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, హైదరాబాద్‌లో ఆ పూట నీడే ఉండదు.

బ్యాటరీ 24 వోల్టులది పెట్టండి. 1000 వాట్ల లోడుకి 12 వోల్టుల బ్యాటరీ నుంచి దగ్గరదగ్గర 100 ఆంపియర్లు లాగాలి, 24 అయితే అందులో సగం. వైరు ఖర్చు, వేడి రెండూ తగ్గుతాయి. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్లు, అంటే ఇళ్లలో ఇన్వర్టర్‌కి వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలు, రెండు కలిపితే 3,600 వాట్ అవర్లు. కానీ సగానికి మించి వాడితే వాటి ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి చేతికొచ్చేది 1,800. అదే 24 వోల్టుల (అసలు లెక్కలో 25.6) 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 2,560లో 2,300 దాకా వాడుకోవచ్చు. ఒక రోజు ఎండ రాకపోయినా గట్టెక్కుతారు. వారంలో రెండు రోజులు ఉండే మీకు ట్యూబులర్‌లో డిస్టిల్డ్ వాటర్ ఎవరు చూస్తారు? నా ఓటు లిథియంకే.

ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు ఎక్కించే చార్జ్ కంట్రోలర్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. ప్యానెల్ వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏదీ తగిలించనప్పుడు ఉండేది) దాదాపు 49.5 అని ఉంటుంది. రెండిటినీ సిరీస్‌లో కలిపితే 99. 100 వోల్టుల కంట్రోలర్ సరిపోయిందనుకుంటారు. డిసెంబరులో తెల్లారి 10 డిగ్రీల చలిలో ఆ వోల్టేజి మరో 4 శాతం పెరిగి 103 అవుతుంది, కంట్రోలర్ కాలిపోతుంది. రెండిటినీ ప్యారలల్‌లో (ప్లస్‌ని ప్లస్‌తో, మైనస్‌ని మైనస్‌తో) కలపండి, 50 ఆంపియర్ల ఎంపీపీటీ, అంటే ప్యానెల్‌లోని ఎక్కువ వోల్టేజిని వృథా చేయకుండా ఆంపియర్లుగా మార్చే రకం కంట్రోలర్ పెట్టండి. ఇన్వర్టర్ 1000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటి తరంగాన్ని ఇచ్చే) రకం. బ్యాటరీ నుంచి దానికి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మీటరు పొడవు దాటకుండా. బ్యాటరీ పాజిటివ్‌ని ఆనుకునే ఫ్యూజు ఉండాలి.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి కలపాలి, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. వైరింగ్ మీరు చేసుకోండి గానీ స్టాండు వెల్డింగ్, ఎర్తింగ్ తెలిసినవాళ్లకి ఇవ్వండి. ప్యానెల్ 28 కిలోల బరువుంటుంది నిజమే, అయినా వైశాఖంలో వచ్చే ఈదురుగాలికి రెండున్నర చదరపు మీటర్ల పలక అంటే గాలిపటమే.

*ప్రశ్న: 540 వాట్ల ప్యానెల్ కొన్నాను. ఇంట్లో ఉన్న 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీకి చిన్న కంట్రోలర్‌తో కలిపాను. మిట్టమధ్యాహ్నం కూడా 170 వాట్లు దాటడం లేదు. ప్యానెల్ డూప్లికేటా? (నాచారం నుంచి)*

ప్యానెల్ మంచిదే, పాపం. మీ కంట్రోలర్ పీడబ్ల్యూఎం రకం. అది ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇవ్వాల్సిన ప్యానెల్ అదే 13 ఆంపియర్లని 13 వోల్టుల దగ్గర ఇస్తోంది. 13ని 13తో గుణించండి, 169. మీ మీటరు అబద్ధం చెప్పడం లేదు. ఎంపీపీటీ అయితే మిగిలిన వోల్టేజిని ఆంపియర్లుగా మార్చి 40 దాకా బ్యాటరీకి పంపుతుంది. అయితే మీది 150 ఏహెచ్ ట్యూబులరే అయితే దానికి 15, 20 ఆంపియర్లు మించి ఎక్కించకూడదు. చార్జింగ్ కరెంటుకి పరిమితి పెట్టుకునే వీలున్న కంట్రోలర్ తీసుకోండి.

‘ఎంపీపీటీ’ అని డబ్బా మీద ఉంటే చాలదు. నేను కొన్న కంట్రోలర్ కూడా అలా పేరుకే ఎంపీపీటీ. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెప్పించా. నీలం రంగు డబ్బా, దాని మీద బంగారు అక్షరాలు. అరచేతిలో పెట్టుకుంటే సబ్బుబిళ్లంత బరువు కూడా లేదు. వారం రోజులు ప్యానెల్‌ని తిట్టుకుని, చివరికి స్క్రూడ్రైవర్‌తో వెనక మూత విప్పాను. నాలుగు ట్రాన్సిస్టర్లు, రెండు కెపాసిటర్లు. రాగి తీగ చుట్టిన లావుపాటి కాయిల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ కాయిల్ లేకుండా వోల్టేజిని మార్చడం కుదరదు, కాబట్టి అది ఎంపీపీటీ అయ్యే అవకాశమే లేదు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా ముందు బరువు చూడండి. 40 ఆంపియర్ల అసలైన ఎంపీపీటీ వెనక అల్యూమినియం హీట్‌సింక్‌తో కిలోకి పైగానే తూగుతుంది.

*ప్రశ్న: ప్యానెల్ నుంచి వచ్చే లైనుకి డీసీ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) కావాలని మీరు ఇంతకుముందు రాశారు. మా ఎలక్ట్రీషియన్ మామూలు ఎంసీబీ చాలు, ఎంసీబీ ఏదైనా ఒకటే అంటున్నాడు. (మల్కాజిగిరి నుంచి)*

ఒకటి కాదు. ఇంటి కరెంటు ఏసీ, సెకనుకి 100 సార్లు సున్నా దాటుతుంది. స్విచ్ తెరుచుకున్నప్పుడు పుట్టే మంట ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. మామూలు ఎంసీబీ తెరుచుకున్నా లోపల మంట సాగుతూనే ఉంటుంది, డబ్బా కరిగేదాకా. డీసీ ఎంసీబీలో ఆ మంటని లాగి ముక్కలు చేసే ఏర్పాటు ఉంటుంది. చాలా వాటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, తిరగేసి బిగిస్తే అదీ మామూలు ఎంసీబీ కిందే లెక్క. లోడు నడుస్తుండగా ప్యానెల్ కనెక్టర్లు ఊడబెరికితే కూడా ఇదే మంట. మీ ఎలక్ట్రీషియన్ ఇంటి పనిలో దిట్ట కావచ్చు, ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినొద్దు.

*ప్రశ్న: పాత ట్యూబులర్ పోయింది. అదే ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ తగిలించొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)*

ఇన్వర్టర్ సెట్టింగ్స్‌లో లిథియం అనే మోడ్ ఉంటే తగిలించండి. 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి చార్జింగ్ 14.4, 14.6 వోల్టుల దగ్గర ఆగాలి. ట్యూబులర్ మోడ్‌లో కొన్ని ఇన్వర్టర్లు ఈక్వలైజ్ పేరుతో అంతకంటే పైకి వెళ్తాయి. బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) అప్పుడు లైను కోసేస్తుంది, ఇంట్లో కరెంటు ఉన్నట్టుండి పోతుంది, కారణం తెలియక మీకు టెన్షన్. పాత కార్ల నుంచి, స్కూటర్ల నుంచి తీసిన సెల్స్‌తో కట్టిన ప్యాక్‌లు సగం ధరకి దొరుకుతున్నాయి. ఇంట్లో పెట్టుకునే వస్తువు, నేనైతే కొనను.

*ప్రశ్న: కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. పడమటి బాల్కనీలో ప్యానెల్, బ్యాటరీ పెట్టి బిల్లు తగ్గించుకోవాలని ఉంది. సబ్సిడీ వస్తుందా?*

రాదు. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు ఆపైన 78,000 రూపాయలు ఇచ్చేది గ్రిడ్‌కి (కరెంటు లైనుకి) కలిపిన రూఫ్‌టాప్‌కి మాత్రమే, అదీ నమోదైన వెండర్ బిగిస్తేనే. ఇక బిల్లు సంగతి. 15,000 పెట్టి 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ కొన్నారనుకోండి. రోజూ సగం వాడుతూ 1,200 సార్లు చార్జ్ చేస్తే దాని జీవితమంతా కలిపి ఇచ్చేది దాదాపు 1,080 యూనిట్లు. ఒక్క బ్యాటరీ ఖర్చే యూనిట్‌కి 14 రూపాయలు పడింది, ప్యానెల్ లెక్కలోకే రాలేదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉచితం వస్తున్న ఇంటికైతే అసలు ఆలోచనే వద్దు. స్తంభం ఉన్న చోట బ్యాటరీ సోలార్ సరదాకి, లేదంటే కరెంటు పోయినప్పుడు వైఫై నడవడానికి. ఆ సరదా నాకూ ఉంది కాబట్టి తప్పుపట్టను. రెండు వైపులా పిన్నులున్న వైరు చేయించి ఇన్వర్టర్ కరెంటుని ఇంటి ప్లగ్గులోకి ఎక్కించే పని మాత్రం చేయకండి. బయట లైను మీద పనిచేసే మనిషికి ప్రాణాపాయం.

*ప్రశ్న: ఆఫ్‌గ్రిడ్ (కరెంటు లైనుతో పని లేని) సోలార్ సెటప్‌తోనే ఒక హెచ్‌పీ బోరు మోటారు కూడా నడుస్తుందా? (యాచారం నుంచి)*

మొదటి ప్రశ్నకి చెప్పిన 1000 వాట్ల ఇన్వర్టర్‌తో నడవదు. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. దానికి బ్యాటరీ లేని సోలార్ పంప్ కంట్రోలర్ విడిగా పెట్టి, పగలు ట్యాంకు నింపుకోండి. మోటారుని మెల్లగా వేగం పెంచుతూ స్టార్ట్ చేస్తుంది. ఆ కంట్రోలర్లలో ఎక్కువ భాగం త్రీ ఫేజ్ మోటార్లకి తయారైనవి. మీ స్టార్టర్ డబ్బాలో కెపాసిటర్ కనబడితే మీది సింగిల్ ఫేజ్, ఆ మాట షాపువాడికి ముందే చెప్పి కొనండి.