టెక్ సందేహాలు: మండీ లెక్కల ప్రోగ్రామ్ లైనక్స్‌లో ఎందుకు తెరుచుకోవట్లా?

"అన్నా, మాది చిత్తూరులో బెల్లం మండీ. విండోస్ 3.1 కాలంలో చేయించుకున్న లెక్కల ప్రోగ్రామే మా నాయన ఇప్పటికీ వాడతాడు. పాత కంప్యూటర్ పోయింది. కొత్తదాంట్లో లైనక్స్ వేసి, విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌లో పెడితే ఓపెనే కావట్లా. ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమేం అడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్‌లో చూస్తే మాడిఫై_ఎల్‌డీటీ దగ్గర 'ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్' అని వస్తాంది. ప్రోగ్రామ్ పాడైందా?"

లేదు తమ్ముడూ, ప్రోగ్రామ్ బాగానే ఉంది, నీ కెర్నల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయలో, ఆ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే దారి) తీసేసి ఉన్నారు అంతే. ముందు ఆ డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో, ఇన్నేళ్ల ఖాతాలు మళ్లీ రావు, తర్వాతే మిగతా పని.

అది 16 బిట్ ప్రోగ్రామ్ కదా, మెమరీని ముక్కలుగా, అంటే సెగ్మెంట్లుగా చూస్తుంది, ఒక్కో ముక్క ఎక్కువలో ఎక్కువ 64 కేబీ. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు, అందులో రాయొచ్చా చదవడమేనా అన్నది ప్రాసెసర్ ఒక టేబుల్‌లో చూసుకుంటుంది. ప్రతి ప్రాసెస్‌కీ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ, సొంతంగా ఉండే ఆ టేబులే ఎల్‌డీటీ, లోకల్ డిస్క్రిప్టర్ టేబుల్. 8192 ఎంట్రీలు పడతాయి, ఎంట్రీకి 8 బైట్లు. మామూలు ప్రోగ్రామ్‌ని దాంట్లో నేరుగా చెయ్యి పెట్టనివ్వరు, కెర్నల్‌ని అడిగి రాయించుకోవాల్సిందే, వైన్ అడిగింది అదే, నీ కెర్నల్ ఆ కాలే లేదనింది.

2015లో వచ్చిన లైనక్స్ 4.3 నుంచి ఈ కాల్‌ని కెర్నల్ కట్టేటప్పుడే తీసేసే వీలుంది. సర్వర్లకి దీంతో పనిలేదు, దాడి చేసేవాళ్లకి ఒక దారి తగ్గుతుంది, కాబట్టి తీసేయడం తప్పేం కాదు. బూట్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అని మొదలయ్యే ఫైల్ తెరిచి, మాడిఫై_ఎల్‌డీటీ_సిస్‌కాల్ అని వెతుకు. 'నాట్ సెట్' అని ఉంటే అది ఆన్‌లో ఉన్న వేరే కెర్నల్ వేసుకో. అదే ఫైల్‌లో ఎక్స్86_16బిట్ లైన్ కూడా చూడు, అది ఆఫ్‌లో ఉంటే ఈసారి 'ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్' అంటుంది. 64 బిట్ విండోస్ కొందామని మాత్రం డబ్బులు పెట్టొద్దు, అది 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడపదు.

తిరుపతి నుంచి ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్: "సీ భాషలో మాడిఫై_ఎల్‌డీటీ పిలిస్తే కంపైలర్ ఆ ఫంక్షన్ తెలీదంటోంది. సిస్‌కాల్ ద్వారా చదివితే సున్నా వస్తోంది. ఎర్రరా సార్?"

ఎర్రర్ కాదమ్మా. గ్లిబ్‌సీలో, అంటే లైనక్స్ సీ లైబ్రరీలో, దానికి రాపర్ (నేరుగా పిలిచే రెడీమేడ్ ఫంక్షన్) లేదు, నువ్వు సిస్‌కాల్‌తో పిలవడమే కరెక్ట్, నంబరు 64 బిట్‌లో 154, 32 బిట్‌లో 123. కొత్త ప్రాసెస్‌కి టేబులే ఉండదు కాబట్టి చదివితే సున్నా బైట్లు వస్తాయి. మొదటి ఆర్గ్యుమెంట్ 0 ఇస్తే చదవడం, హెక్స్‌లో 11 ఇస్తే కొత్త పద్ధతిలో రాయడం. ఎంట్రీ సున్నాలో రాశాక సెలెక్టర్ (ఏ ఎంట్రీ వాడాలో ప్రాసెసర్‌కి చెప్పే నంబరు) కూడా సున్నానే అనుకుని చాలామంది క్రాష్ చేసుకుంటారు. ఎంట్రీ నంబర్‌ని 8తో గుణించి 7 కలుపు, అంటే సున్నాకి 7, ఒకటికి 15. ఆ 7లో 4 ఎల్‌డీటీలో వెతకమని చెప్పే బిట్, మిగతా 3 యూజర్ లెవెల్. ఫోర్క్ చేస్తే, అంటే ప్రాసెస్ తన నకలు పుట్టిస్తే, పిల్ల ప్రాసెస్‌కి టేబుల్ కాపీ వస్తుంది, ఎగ్జెక్ చేసి వేరే ప్రోగ్రామ్ ఎక్కిస్తే పోతుంది, థ్రెడ్లన్నీ మాత్రం ఒకే టేబుల్ పంచుకుంటాయి. థ్రెడ్ లోకల్ స్టోరేజ్ (ఒక్కో థ్రెడ్ సొంత డేటా) కోసం దీన్ని వాడొద్దు, దానికి సెట్_థ్రెడ్_ఏరియా, ఆర్చ్_పీఆర్‌సీటీఎల్ ఉన్నాయి.