ఇన్‌టేక్ మేనిఫోల్డ్ ఇంట్లో మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కానీ ముందు సబ్బు నీళ్ళు కొట్టి చూడండి

మీరు ఆముదాలవలస నుంచి అడిగింది ఇదీ: పెట్రోలు బండి ఐడిల్‌లో (బండి ఆగి ఉండి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) వణుకుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది, మెకానిక్ ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) మార్చాలంటున్నాడు, ఇంట్లోనే చేసుకోవచ్చా అని. నిరుడు విజయనగరంలో మా వాకిట్లోనే ఈ పని చేశాను కాబట్టి చెబుతున్నాను, చేసుకోవచ్చు. ఒక్క పూటలో అయిపోతుందనుకున్న పని నాకు రెండు ఆదివారాలు పట్టింది. అదీ నా తొందర వల్లే.

మా బండి నాలుగు సిలిండర్ల చిన్న కారు, పదకొండేళ్ళది. ఆనందపురం వైపు హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం ఒకటే వణుకు, బానెట్ కింద బుస కొడుతున్నట్టు చప్పుడు. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్ చదివే స్కానర్ పెడితే పీ 0171 అని కోడ్ వచ్చింది. ఉన్న గాలికి పెట్రోలు చాలడం లేదని దాని అర్థం. ఐడిల్‌లో త్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) దాదాపు మూసుకుని ఉంటుంది, మేనిఫోల్డ్‌లో వాక్యూమ్, అంటే గాలిని పీల్చే లాగుడు, బాగా ఎక్కువ. ఎక్కడ చిన్న సందు ఉన్నా బయటి గాలిని లోపలికి లాగేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది కాబట్టి హైవేలో తేడా తెలీదు.

ఆ సందు ఎక్కడుందో తేల్చుకోకుండా బోల్టు ముట్టుకోవద్దు. ఎండిపోయిన రబ్బరు హోస్ ఒక్కటి చీలినా ఇవే లక్షణాలు. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, జాయింట్ల మీదా హోస్‌ల మీదా సబ్బు నీళ్ళు కొద్దికొద్దిగా స్ప్రే చేయండి. సందు దగ్గర నీళ్ళు పడగానే చప్పుడు మారుతుంది, ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) కదులుతుంది. కొందరు కార్బ్ క్లీనర్ అనే మండే స్ప్రే కొడతారు, వేడి ఎగ్జాస్ట్ పక్కన అది మంటతో ఆట. నేను పైనుంచే కొట్టి, మేనిఫోల్డ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే ప్యాకింగే పోయిందని తీర్మానించి అదొక్కటే మార్చాను. బుస అలాగే ఉంది. రెండో ఆదివారం మళ్ళీ విప్పి తిరగేస్తే ప్లాస్టిక్ మేనిఫోల్డ్ అడుగున వెంట్రుకంత పగులు! చిన్న అద్దం పట్టుకుని కిందవైపు కూడా చూసి ఉంటే ఒక ఆదివారం మిగిలేది.

విప్పే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి, ఇంజన్ దానంతటదే ఆగిపోయేదాకా తిప్పండి, ఫ్యూయల్ రైల్‌లో (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) ఒత్తిడి దిగిపోతుంది. ఆ తరువాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అయినా నాలుగు చుక్కల పెట్రోలు కారుతుంది, దగ్గర్లో దీపం, సిగరెట్టు ఉండకూడదు. కొన్ని బండ్లలో త్రాటిల్ బాడీలోంచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పైపు కూడా వెళ్తుంది, చూసుకోండి. ప్రతి హోస్‌కూ కనెక్టర్‌కూ తీసే ముందే ఫోటో తీసి, టేపు మీద నంబరు రాసి అంటించండి.

ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైన మా చిన్నాన్న కుర్చీ వేసుక్కూర్చుని చూస్తున్నాడు. మేనిఫోల్డ్ ఊడి వచ్చాక "ఒరే, బొక్కల్లో గుడ్డలు కుక్కీసేవా లేదా?" అన్నాడు. సిలిండర్లలోకి గాలి వెళ్ళే బొక్కలవి. నాలుగింటిలో మూడింటికే కుక్కాను. ఆయన మాట పూర్తయ్యేలోపు చేతిలోని చిన్న బోల్టు జారి ఆ నాలుగోదాంట్లోనే పడింది. వాల్వ్ తెరిచి ఉంటే నేరుగా సిలిండర్‌లోకే. అలా స్టార్ట్ చేస్తే ఇంజనే పోతుంది. అదృష్టం, వాల్వ్ మూసి ఉంది, అయస్కాంతం పుల్లతో బయటికి తీశాం. ఆ పది నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మేనిఫోల్డ్ కూర్చునే సిలిండర్ హెడ్ అల్యూమినియం కాబట్టి, దాని మీద అంటుకున్న పాత ప్యాకింగ్‌ని ఇనుప బ్లేడుతో గీకొద్దు. నేను పాత ఏటీఎం కార్డు వాడాను. రబ్బరు ప్యాకింగ్ అయితే పొడిగానే పెట్టాలి, జిగురు అక్కర్లేదు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, మధ్యలోంచి అంచులకు, రెండు మూడు విడతల్లో బిగించండి. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా). మామూలు పానాతో బలం చూపిస్తే మరలు పోతాయి, లేదా కొత్త మేనిఫోల్డే పగులుతుంది.

బ్యాటరీ తీసి పెట్టాం కాబట్టి మొదట్లో ఐడిల్ కాస్త ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, కొంతసేపటికి సర్దుకుంటుంది. ఆర్‌పీఎం పైనే నిలబడిపోతే ఏదో హోస్ పెట్టడం మరిచారన్నమాట. మేనిఫోల్డ్ నుంచి బ్రేక్ బూస్టర్‌కి (బ్రేకు తొక్కడం తేలిక చేసే డబ్బా) వెళ్ళే హోస్ మాత్రం ప్రత్యేకంగా చూడండి. ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి వాకిలి దాటించొద్దు, ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ సంగతి అసలు తలపెట్టొద్దు.

మీ బండి మోడల్, స్కానర్ కోడ్ ఇక్కడే రాయండి. కోడ్ ఇంకా చూపించకపోతే ముందు అది చూపించండి.