ముక్కూమొహం తెలియని ఊళ్లో నాలుగు రాత్రులు

మీరు అడిగింది ఇది: ప్రయాణం మధ్యలో ఉపద్రవం వచ్చి తెలియని ఊళ్లో చిక్కుకుపోతే అక్కడి జనం నిజంగా పట్టించుకుంటారా, ఎవరికైనా అలాంటి అనుభవం ఉందా, ఆ ఋణం ఎలా తీర్చుకున్నారు అని. నాకుంది. 2001 సెప్టెంబరు 11న మొదలైంది.

అప్పుడు నాకు 26 ఏళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి న్యూయార్క్ వెళ్తున్నాను. సముద్రం మీద ఉండగానే కెప్టెన్ మైకులో చెప్పాడు, అమెరికా తన గగనతలం మూసేసింది, కెనడాలో దిగుతున్నాం అని. ఉగ్రవాదులు విమానాలతో న్యూయార్క్ జంట భవనాల్ని కూల్చేశారని, అందుకే మూసేశారని దిగాకే చెప్పాడు. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా పెద్ద పెద్ద విమానాలు, రెక్క పక్కన రెక్క. మొత్తం 38. ఆ ఊరి పేరు గ్యాండర్, న్యూఫౌండ్‌ల్యాండ్ దీవిలో ఉంటుంది. ఊరి జనాభా సుమారు 10,000. ఆ ఒక్క పూటలో దిగినవాళ్లం 6,500 మందికి పైనే. పూర్వం అట్లాంటిక్ దాటే విమానాలు చాలావరకు ఇంధనం కోసం అక్కడ ఆగేవట. జెట్లు వచ్చాక ఆగే పని తప్పింది కానీ, పెద్ద రన్‌వే మాత్రం ఉండిపోయింది.

ఒక్కొక్క విమానాన్నే ఖాళీ చేయించి, అందరినీ తనిఖీ చేసి పంపించారు. మా వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. లోపల వేసిన సూట్‌కేసులు దించనివ్వలేదు. చేతిసంచీ ఒక్కటే మాతో వచ్చింది.

నా పక్క సీట్లో ఒక తెలుగావిడ, అరవై దాటిన మనిషి. కూతురి పురిటికి వెళ్తున్నారు. విమానం ఎక్కడం అదే మొదటిసారి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బీపీ మాత్రలేమో సూట్‌కేసులో ఉండిపోయాయి. "బాబూ, నన్నొదిలి ఎటూ పోకు నాయనా" అన్నారు. "మీతోనే ఉంటాను పిన్నిగారూ" అన్నాను. ఆ నాలుగు రోజులూ ఆవిడ మాట నేనే, ఆవిడ చెవి నేనే.

మమ్మల్ని స్కూలు బస్సుల్లో ఎక్కించారు. ఆ డ్రైవర్లు అప్పటికి సమ్మెలో ఉన్నారని, మా కోసం సమ్మె పక్కన పెట్టి వచ్చారని తర్వాత తెలిసింది. బస్సు ఒక బడి ముందు ఆగింది. వేళ కాని వేళ, గుమ్మం దగ్గర ఆడవాళ్లు దుప్పట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నాకిచ్చిన దిండు గలీబు మీద డైనోసార్ బొమ్మలున్నాయి. ఏ పిల్లాడి మంచం మీంచో తీసి తెచ్చిన దిండు అది. ఇంట్లో ఉతికిన బట్టల వాసన వేస్తోంది. ఆ రాత్రి ఆ పిల్లాడు దేని మీద తల పెట్టుకుని పడుకున్నాడో అని చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే మందుల గురించి అడగడానికి మనుషులు వచ్చారు. పిన్నిగారికి మాత్ర పేరు తెలీదు. "తెల్లగా చిన్నగా ఉంటుంది, పొద్దున్న ఒకటి వేసుకుంటాను" అంటారు. అంతకుమించి చెప్పలేరు. మందుల షాపాయన ఆ మాట విని విసుక్కోలేదు. ఇండియాలో ఆవిడ చూపించుకునే డాక్టరు నంబరు ఉందా అని అడిగాడు. ఆవిడ సంచీలోని చిన్న పుస్తకంలో ఉంది. అక్కడికీ మనకీ అప్పుడు సరిగ్గా ఎనిమిది గంటల తేడా, వాళ్లకి పొద్దున పది అంటే మనకి సాయంత్రం ఆరు. డాక్టరు క్లినిక్‌లోనే దొరికారు. షాపాయన ఒక కాగితం మీద మందు పేరు ఒక్కొక్క అక్షరమే రాసుకుని, డాక్టరుకి మళ్లీ చదివి వినిపించి సరిచూసుకున్నాడు. మాత్రలిచ్చాక పర్సు తీస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. టెలిఫోన్ కంపెనీ వాళ్లు ఆఫీసు బయట బల్లలు వేసి వరసగా ఫోన్లు పెట్టేశారు, ప్రపంచంలో ఎక్కడికైనా ఉచితం. మా నాన్న ఎత్తారు. "ఎక్కడున్నావురా?" అన్నారు. "గ్యాండర్‌లో నాన్నా, బాగానే ఉన్నాను." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా?" అన్నారు.

రెండో రోజు రోడ్డు మీద నడుస్తుంటే ఒకావిడ కారు ఆపి, స్నానం చేస్తారా, ఇంటికి రండి అంది. ఆమెకి యాభై ఏళ్లుంటాయి. వాళ్లింటికి తీసుకెళ్లి, తువ్వాళ్లు చేతిలో పెట్టి, వేడినీళ్లు ఏ కుళాయిలో వస్తాయో చూపించింది. తర్వాత, "నేను బడికి వెళ్లి వంటలో సాయం చెయ్యాలి, మీరు తీరిగ్గా స్నానాలు చేసి, వెళ్లేటప్పుడు తలుపు లాగేసి వెళ్లండి" అని వెళ్లిపోయింది. మా పేర్లు కూడా అడగలేదు.

ఇది నాకెందుకంత పెద్ద విషయమో చెప్తాను. టీవీలో ఆ దృశ్యాలు చూసినప్పటి నుంచి, నా రంగు చూసి తోటి ప్రయాణికుల్లో కొందరు నాకు దూరంగా జరగడం మొదలుపెట్టారు. ఒకాయన నా పక్కన వేసిన పరుపు తీసి గదిలో అవతలి మూలకి మార్చుకున్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది, అయినా నొప్పి నొప్పే. అలాంటి రోజు ఒకావిడ తన ఇల్లు నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. పిన్నిగారు వాళ్ల స్నానాలగది తుడిచి, తువ్వాళ్లు ఆరేసి, వంటింట్లో ఉన్న నాలుగు కప్పులూ కడిగిపెట్టాక గానీ బయటికి రాలేదు.

మంచితనం ఒక్కటే ఉంటే ఇంత పని జరగదని నా అభిప్రాయం. వండిన తిండి అంతా పాడవకుండా ఐస్ హాకీ ఆడే మంచు మైదానాన్నే ఫ్రిజ్‌లా వాడారు. లూయిస్‌పోర్ట్, గ్యాంబో లాంటి చుట్టుపక్కల ఊళ్లు కూడా మనుషుల్ని పంచుకున్నాయి. విమానాల్లో ఉండిపోయిన కుక్కల్నీ పిల్లుల్నీ చూడటానికి వేరేగా మనుషులు వెళ్లారు. ఎవరి దగ్గర ఏముందో ఒకరికొకరికి తెలిసిన ఊరు అది. విషాదం కూడా వాళ్లకి కొత్త కాదు. 1985 డిసెంబరు 12న అక్కడి నుంచి ఎగిరిన వెంటనే ఒక విమానం కూలిపోయి 256 మంది చనిపోయారు. ఎక్కువమంది క్రిస్మస్‌కి ఇళ్లకు వెళ్తున్న అమెరికా సైనికులు. ఆ చోటు గురించి నాకు చెప్పిన ముసలాయన, "వాళ్లకి ఏమీ చెయ్యలేకపోయాం" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

15వ తేదీన మా బస్సు బయల్దేరేముందు ఆ స్నానాల ఇంటావిడ వచ్చింది. డబ్బిద్దామని నేను కవరు సిద్ధం చేసుకున్నాను, ఆమె తీసుకోలేదు. పిన్నిగారు సంచీలోంచి కుంకుమ భరిణె తీసి, నన్ను అనువదించమనకుండానే, ఆమె నుదుట బొట్టు పెట్టారు. ఆమె కదలకుండా తల వంచి పెట్టించుకుంది. బస్సు కదిలాక వెనక్కి చూస్తే ఇంకా అక్కడే చెయ్యి ఊపుతోంది, బొట్టు అలాగే ఉంది.

ఋణం సంగతంటారా, ఒకరికి తీర్చే వీలే లేదు. లూయిస్‌పోర్ట్‌లో ఉన్న ఒక విమానం వాళ్లు ఆ ఊరి పిల్లల పైచదువులకి తిరుగు ప్రయాణంలోనే చందాలు మొదలుపెట్టారు, అది పెద్ద నిధే అయింది. నేను మాత్రం ఏటా సెప్టెంబరులో ఆ స్నానాల ఇంటావిడకి ఉత్తరం రాసేవాణ్ణి, ఆవిడా రాసేది. పిన్నిగారు కూతురి దగ్గరికి చేరేసరికి మనవరాలు పుట్టి ఆరు రోజులైంది. ఆ తర్వాత ఎన్నేళ్లకి ఫోన్ చేసినా, క్షేమసమాచారాలు అయ్యాక, ఆవిడ తప్పకుండా అడిగే మాట ఒకటుండేది. "మన గ్యాండరావిడ ఉత్తరం రాసిందా బాబూ?"